పసుపు వేరుకు కాపలా
(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం, 2025)

 

నేను పండితుణ్ణి కాను. మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుంచి ఓడ ఎక్కి పేరాక్ రాష్ట్రంలో ఒక రబ్బరు తోటకు కూలిపనికి వచ్చారు. మా నాన్నగారు ఆ తోట లైను ఇంట్లోనే పుట్టారు. నేను మూడో తరం వాణ్ణి. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో సైన్సు పాఠాలు చెప్పాను గాని, అవన్నీ మలయ్, ఇంగ్లీషు భాషల్లో చెప్పినవి. తెలుగు చదవడం, రాయడం సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నాను. ఇప్పుడు అదే తరగతిలో పిల్లలకు నేర్పుతున్నాను. మాటల్లో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి.

ఈ రోజు నేను మనవి చేయదలచిన విషయం పసుపు పంటకు వచ్చే వేరుకుళ్ళు గురించి, దానిని మట్టిలో ఉండే మంచి జీవుల సాయంతో అదుపు చేయడం గురించి. ఉగాది నాడు కుళ్ళు మాట ఏమిటని అనుకోకండి. ఈ ఉదయం మీ గడపలకు రాసినది పసుపే. పెళ్ళిలో తాళికి కట్టేది పసుపు కొమ్మే. దెబ్బ తగిలితే మా నాయనమ్మ అద్దినది పసుపే. గాయం మానడానికి పసుపు పనికివస్తుందన్న సంగతి తామే కనిపెట్టినట్టు 1995లో అమెరికాలో ఒక పేటెంటు పుచ్చుకున్నారు. భారతదేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి అభ్యంతరం చెప్పింది. ఇది మా ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న సంగతేనని పాత గ్రంథాల ఆధారాలు చూపించగా, 1997లో ఆ పేటెంటు రద్దయింది. అంత గొప్ప మందుమొక్కకు మట్టిలో వచ్చే జబ్బు ఏమిటో, దానికి మందు ఏమిటో నాకు నిరుటి దాకా తెలియదు. నేను ఆ పాఠం నేర్చుకున్నది పొలంలో కాదు, దుబాయిలోని సోనాపూర్‌లో.

2024 ఏప్రిల్, మే నెలల్లో నేను దుబాయిలో మా అమ్మాయి ఇంట ఉన్నాను. ఒక రోజు ఏసీ బాగు చేయడానికి ఒక మనిషి వచ్చాడు. వయసు నలభై ఉంటుంది. నేను మనుమరాలితో మాట్లాడే మాట విని చేతిలో పని ఆపి, "మీరు తెలుగోల్లా సార్?" అన్నాడు. అవునన్నాను. నాలుగు మాటలు ఆడేసరికి అతనికి నవ్వు వచ్చింది. "ఏమనుకోకుండ్రి సార్, మీరు సినిమాల పంతులు లెక్క మాట్లాడుతున్నరు" అన్నాడు. నేనూ నవ్వాను. పుస్తకంలో నేర్చిన భాష పుస్తకంలాగే ఉంటుంది కదా! వెళ్ళేటప్పుడు, "మా రూముల అందరం తెలుగోల్లమే. ఐతారం నాడు రాండ్రి" అన్నాడు. ఐతారం అంటే ఏమిటో నాకు తెలియలేదు. ఆదివారం అని తరువాత తెలిసింది.

సోనాపూర్ అంటే హిందీలో బంగారు ఊరు అని అర్థం. అది అధికారికమైన పేరు కాదు. షార్జా పొలిమేరకు దగ్గరగా ఉన్న ముహైస్నా ప్రాంతంలో వేలాదిమంది కూలీలు ఉండే వసతి గృహాలకు జనం పెట్టుకున్న పేరు. ఒక్కొక్క గదిలో రెండంతస్తుల ఇనుప మంచాలు, ఆరుబయట తీగల మీద ఆరేసిన పని బట్టలు, వరుసగా నిలబెట్టిన బస్సులు. అదంతా చూడగానే చిన్ననాటి మా తోట లైను ఇళ్ళు జ్ఞాపకానికి వచ్చాయి. తేడా ఏమిటంటే మా లైనులో ఆడవాళ్ళు, పిల్లలు ఉండేవారు. ఇక్కడ అందరూ మగవాళ్ళే.

కిరాణా కొట్ల పక్కన ఖాళీ స్థలంలో అట్టలు పరచుకొని కూర్చున్నాము. ఆరుగురు ఉన్నారు. అందులో నలుగురు నిజామాబాదు, జగిత్యాల జిల్లాల వాళ్ళు. ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్ల అని ఊళ్ళ పేర్లు చెప్పారు. ఆ నలుగురూ పసుపు పండించిన రైతులే. ఇప్పుడు కొట్టులో పొట్లం కట్టిన పసుపు కొని కూరలో వేసుకుంటున్నారు. ఆ మాట వాళ్ళే అని వాళ్ళే నవ్వుకున్నారు.

ఏసీ పని చేసే తమ్ముడి కథ ఇది. అతనికి రెండెకరాల పసుపు. 2021 సెప్టెంబరు చివర గులాబ్ తుఫాను వానలు నిజామాబాదు వైపు కుండపోతగా కురిశాయి. చేలో నీళ్ళు నిలిచాయి. కొద్ది రోజులకు మొక్కల కింది ఆకులు అంచుల నుంచి పసుపు రంగుకు తిరిగి ఎండడం మొదలైంది. మొదట ఒకచోట, తరువాత చాప పరచినట్టు చుట్టూ పాకింది. పట్టుకొని లాగితే మొక్క చేతికి ఊడి వచ్చింది. "దుంప ఒత్తితె నీళ్ళు గారుతయి సార్. ఆ వాసనకు చేన్ల నిలవడలేకపోయినం" అన్నాడు. రెండెకరాలలో చేతికి వచ్చినది కొద్దిగానే. పెట్టుబడి అప్పు మిగిలింది. మరుసటి సంవత్సరం ఇంకొంత అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టి సోనాపూర్ వచ్చాడు.

ఇప్పుడు రెండు నెలల సెలవు దొరికింది. జూన్ మొదటి వారంలో ఇంటికి వెళతాడు. వెళ్ళి మళ్ళీ పసుపు వేయాలా, వద్దా? అతని ముందు ఉన్న ప్రశ్న అదే. ఎకరానికి సుమారు ఎనిమిది నుంచి పది క్వింటాళ్ళ విత్తన దుంప కావాలి. ఎరువు, కూలి ఖర్చులు వేరు. పంట చేతికి రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు. మళ్ళీ కుళ్ళితే మూడో అప్పు. స్నేహితుల్లో ఇద్దరు "వద్దురా, ఇంకో రెండేండ్లు ఈడనే ఉండు" అన్నారు. ఒకాయన మాత్రం వెయ్యమన్నాడు. అతని భార్య ఊరి నుంచి ఫోనులో పంపిన ఒక కరపత్రాన్ని నా చేతిలో పెట్టి, "మీరు సారు గదా, చదివి చెప్పుండ్రి" అన్నారు.

చదవడం మొదలుపెట్టాను. అక్షరాలు వచ్చాయి గాని అర్థం రాలేదు. కొమ్ము, మండ, బోదె, వేపపిండి, మాగిన ఎరువు. ఈ మాటలు మా సాయంకాలపు తరగతి వాచకంలో లేవు. నేను చదువుతూ ఉంటే వాళ్ళు అర్థం చెబుతూ వచ్చారు. తల్లి దుంపను మండ అంటారు. దాని నుంచి వేళ్ళలాగా పుట్టేవి కొమ్ములు. సైన్సు సంగతులు నేను చెప్పాను, మాటలు వాళ్ళు చెప్పారు. ఆ సాయంత్రం ఎవరు గురువో, ఎవరు శిష్యుడో చెప్పడం కష్టం.

ఆ సంగతులను ఇప్పుడు మీకు వరుసగా చెబుతాను.

పసుపు మొక్క పూస్తుంది గాని సాధారణంగా గింజ కట్టదు. నిరుటి పంటలోని దుంపే ఈ సంవత్సరం విత్తనం. కనుక నిరుడు దుంపలో దాగిన జబ్బు ఈ సంవత్సరం చేలోకి దానితోనే వస్తుంది. తెలుగులో దీనిని దుంపకుళ్ళు అంటారు. దీనికి ముఖ్య కారణం పిథియం అనే సూక్ష్మజీవి. చూపుకు బూజులాగే ఉంటుంది గాని, శాస్త్రజ్ఞులు దానిని నీటి పాచికి దగ్గర బంధువుగా లెక్కిస్తారు. దానికి నీరంటే ప్రాణం. నేల తడిసి నీరు నిలిచినప్పుడు తోకలున్న సన్నని బీజాలను వదులుతుంది. అవి మట్టిలోని నీటిలో ఈదుకుంటూ పోయి పక్క మొక్క వేరును పట్టుకుంటాయి. అందుకే వానాకాలంలో, పల్లపు మూలలో ఈ జబ్బు ముందుగా కనబడుతుంది. ఫ్యుసేరియం అనే శిలీంధ్రం కూడా దీనితో చేరవచ్చు.

దీనికి ఎదురు నిలిచేది ట్రైకోడెర్మా. ఇది కూడా బూజే, కాని మనకు మిత్రుడైన బూజు. మొదట తెల్లగా పెరిగి తరువాత ఆకుపచ్చగా మారుతుంది. దీనికి 1794లోనే పేరు పెట్టారు గాని, దీని గుణం తెలిసినది 1932లో. అమెరికాలోని కాలిఫోర్నియాలో వైండ్లింగ్ అనే శాస్త్రజ్ఞుడు, ఇది మట్టిలోని ఇతర శిలీంధ్రాల పోగులను తీగలాగా చుట్టుకొని చంపుతుందని చూపించాడు. శత్రువు గోడను కరిగించే రసాలను వదలడం, దాని పెరుగుదలను ఆపే పదార్థాలను తయారుచేయడం, వేరు చుట్టూ ముందుగా చోటు ఆక్రమించి తిండి దొరకకుండా చేయడం, మొక్కకు ఉన్న రోగనిరోధక శక్తిని మేలుకొలపడం దీని పనులు. సూడోమోనాస్ అనే మంచి బాక్టీరియా కూడా ఉంది. అది మట్టిలోని ఇనుమును తాను పట్టుకొని రోగకారకానికి అందకుండా చేస్తుంది.

మందుమొక్కలకు ఈ పద్ధతి ఎందుకు ముఖ్యమో ఒక మాట చెప్పాలి. పసుపు, అశ్వగంధ, పాషాణభేది వంటి వాటిలో మనం వాడుకునేది నేలలో ఉండే భాగమే. జబ్బు వచ్చేదీ అక్కడే. విషపు మందు పోస్తే అది చేరేదీ అక్కడికే. రోగి తినే వేరులో పురుగుమందు మిగలడం ఎవరికీ ఇష్టం ఉండదు. కొనేవారు ఇప్పుడు పరీక్ష చేసి మరీ కొంటున్నారు.

ఇక చేసే విధానం. రెండు కిలోల ట్రైకోడెర్మా పొడిని 90 కిలోల బాగా మాగిన పశువుల ఎరువులోను, 10 కిలోల వేపపిండిలోను కలపాలి. నీళ్ళు చల్లి, చెమ్మ మాత్రమే ఉండేటట్టు చూసి, నీడలో కుప్ప పోసి గోనెసంచులు కప్పాలి. మధ్యలో ఒకసారి తిరగవేయాలి. వారం పది రోజులకు బూజు కుప్పంతా అల్లుకుంటుంది. దానిని ఒక ఎకరం నేలలో తడి ఉన్నప్పుడు చల్లాలి. విత్తన దుంపలను కూడా ట్రైకోడెర్మా కలిపిన నీటిలో అరగంట ముంచి నీడలో ఆరబెట్టి నాటాలి.

నేను వెళ్ళిన రెండో ఆదివారం నాటికి ఆ తమ్ముడు ఒక నిర్ణయానికి వచ్చాడు. రెండెకరాలు కాదు, ఒక్క ఎకరం వేస్తాడు. మే నెల చివరి ఆదివారం మేము కూర్చొని ఉండగా ఊరి నుంచి భార్య ఫోను చేసింది. ఫోనులో బొమ్మ కనబడుతున్నది. కొట్టం నీడలో ఎరువు కుప్ప, పక్కన గోనెసంచి ఎత్తి పట్టుకున్న అత్తగారు. "ఎరువుకు తెల్లగ, పచ్చగ బూజు వట్టింది. పాడైందని అత్తమ్మ పారబొయ్యమంటున్నది" అన్నది ఆ అమ్మాయి. ఇక్కడ ఆరుగురూ ఒక్కసారిగా కేక వేశారు. "పారబొయ్యకుండ్రి! అదే మందు!" అని. అత్తగారు నమ్మలేదు. "బూజు మందేందిరా?" అన్నది. అప్పుడు ఫోను నా చేతికి ఇచ్చారు. "అమ్మా, పెరుగుకు తోడు వేసినట్టే ఇది ఎరువుకు తోడు" అన్నాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి సంచి మళ్ళీ కప్పింది. నేను నా ఉద్యోగకాలంలో ఎన్నో పాఠాలు చెప్పాను. అంత దూరం చేరిన పాఠం ఇంకొకటి లేదు.

విత్తనం సంగతి దగ్గర మళ్ళీ వాదం వచ్చింది. తమ్ముడి దగ్గర బంధువుల చేలో దుంప చవకగా దొరుకుతుంది. కాని ఆ చేలో నిరుడు అక్కడక్కడ కుళ్ళు కనబడింది. కుళ్ళు లేని చేను నుంచి తెచ్చుకుంటే ధర ఎక్కువ. "మందు ఉన్నది గదా, చవకదే తెద్దాం" అన్నాడు ఒకాయన. ఆ మాట వినగానే నాకు మా తాతగారు గుర్తుకు వచ్చారు.

రబ్బరు తోటల్లో పెరిగిన పెద్దలు ఇక్కడ ఉన్నారు. తెల్లవేరు జబ్బు వారికి జ్ఞాపకం ఉంటుంది. రబ్బరు చెట్టు మొదట మట్టి తీసి చూస్తే వేరు మీద తెల్లని దారాలు పాకి ఉంటాయి. పాత చెట్లు నరికినచోట మిగిలిన మొద్దుల్లో ఆ శిలీంధ్రం దాగి ఉండి, కొత్త మొక్క వేరు తగలగానే దానికి ఎక్కుతుంది. మా తాతగారి పని ఆ మొదళ్ళు తవ్వి చూడడం. 1925లో ఏర్పడిన మలయా రబ్బరు పరిశోధనా సంస్థ వారు, వరుసల మధ్య ప్యూరేరియా, సెంట్రోసిమా వంటి చిక్కుడు జాతి తీగలు పెంచితే ఈ జబ్బు తగ్గుతుందని చూపించారు. తీగల నీడకు నేల చల్లగా, చెమ్మగా ఉంటుంది. అక్కడ మంచి సూక్ష్మజీవులు పెరుగుతాయి. పాత మొద్దులు త్వరగా మట్టిలో కలిసిపోతాయి. శత్రువుకు తిండి లేకుండా పోతుంది. మా నాన్నగారు ఆ తీగలను గడ్డి అనేవారు. కంపెనీ వాళ్ళు గడ్డి ఎందుకు పెంచుతారో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. సోనాపూర్‌లో కూర్చున్నప్పుడు అర్థమైంది. ఆ తీగల పనీ, ఈ బూజు పనీ ఒకటే.

అయితే మొద్దులో జబ్బు అంతటినీ అలాగే ఉంచి తీగ మీద భారం వేస్తే లాభం లేదని మా తాతగారికి తెలుసు. అందుకే మొద్దులు తవ్వి తీసేవారు. ఆ కథ వాళ్ళకు చెప్పాను. కుళ్ళిన విత్తనం తెచ్చి కాపలావాణ్ణి పెట్టడం, దొంగను ఇంట్లో ఉంచి బయట తాళం వేయడం వంటిది అన్నాను. తమ్ముడు ఏమీ అనలేదు. ఆ రాత్రి భార్యకు ఫోను చేసి ఎక్కువ ధర పెట్టి మంచి దుంప మాట్లాడమన్నాడని తరువాత తెలిసింది.

ఈ మందుకు ఉన్న హద్దులు కూడా చెప్పకపోతే నేను సైన్సు మాస్టరును కాను. ట్రైకోడెర్మా కాపలావాడే గాని వైద్యుడు కాదు. కుళ్ళిన దుంపను బాగుచేయలేదు. నాటకముందే నేలలో ఉండాలి. అది ప్రాణం ఉన్న మందు. పొడి పాతబడినా, ఎండలో ఉంచినా చచ్చిపోతుంది. తారీకు చూసి కొనాలి. శిలీంధ్రాలను చంపే రసాయనంతో కలిపితే దానితోపాటు ఇదీ చస్తుంది. జబ్బు కనబడ్డాక వ్యవసాయాధికారులు మొక్కల మొదట్లో మందు పోయమని చెప్పవచ్చు. అది కుళ్ళు పాకకుండా ఆపడానికే. నీరు నిలిచే నేలలో ఏ మందూ గెలవదు. ఎత్తుగా మడులు చేసి నీరు పోయే దారి ఇవ్వాలి. అదే నేలలో ఏటేటా పసుపే వేయకుండా పంట మార్చాలి. ఆ ప్రాంతపు రైతుల కోసం నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉన్నది. 2025 సంక్రాంతి నాడు నిజామాబాదు కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు కూడా ప్రారంభమైంది.

ఇక ఆ ఎకరం ఏమైందని మీరు అడుగుతారు. జూన్‌లో తమ్ముడు వెళ్ళి తమ్ముళ్ళతో కలిసి నాటాడు. ఆగస్టులో సెలవు అయిపోయి మళ్ళీ సోనాపూర్ వచ్చాడు. చేను భార్య చూసుకుంది. సెప్టెంబరు వానలకు కాలువ పక్క పల్లపు మూల కుళ్ళింది. ఆమె ఆ మొక్కలను పెరికి దూరంగా పారవేసి, ఆ మూల చుట్టూ గండి తీసి నీటిని బయటికి మళ్ళించింది. మిగిలిన చేను నిలిచింది. మొన్న ఫిబ్రవరిలో తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసిన కొమ్ముల బొమ్మ నాకు ఫోనులో పంపారు. ఇందులో బూజు వల్ల ఎంత మేలు జరిగింది, మంచి విత్తనం వల్ల ఎంత, ఎత్తు మడుల వల్ల ఎంత అని వేరుచేసి నేను చెప్పలేను. ఒక చేను, ఒక సంవత్సరం, అంతే. ఒక చేనుతో శాస్త్రం తేలదు.

పాత అప్పులో కొంత తీరింది. అంతా తీరలేదు. "ఇంకొక్క పంట చూస్త సార్. అది గూడ నిలిస్తె ఇంటికి వోత. అప్పటిదాంక ఈడనే" అన్నాడు. ఈ రోజు మనం ఇక్కడ పచ్చడి తింటున్న వేళకు అతను సోనాపూర్‌లో ఉన్నాడు. అతని మంచం పక్కన గోడకు ఆ కల్లం బొమ్మ అంటించి ఉన్నదట.

సోదరీ సోదరులారా, మనలో చాలామంది ఇళ్ళ వెనుక ఆకు కోసమైనా నాలుగు పసుపు మొక్కలు ఉంటాయి. మీకు నా మనవి ఇది. కుండీ అడుగున నీరు పోయే దారి ఉంచండి. మెత్తబడిన దుంప నాటవద్దు. కుళ్ళిన మట్టిలో మళ్ళీ నాటవద్దు. మాగిన ఎరువు వేయండి. ఎరువులో పచ్చని బూజు కనబడితే కంగారుపడి వెంటనే పారవేయకండి. అది మిత్రుడు కావచ్చు.

మా సాయంకాలపు తరగతికి కూడా ఒక మార్పు చేశాను. ఈ సంవత్సరం నుంచి వాచకంతోపాటు నెలకు ఒక ఆదివారం పిల్లలు ఫోనులో సోనాపూర్ అన్నలతో మాట్లాడుతున్నారు. కొమ్ము, మండ, బోదె, ఐతారం అనే మాటలు మా నల్లబల్ల మీదికి వచ్చాయి. మన తాతలు తెచ్చిన తెలుగు కూడా గింజతో వచ్చినది కాదు. పసుపులాగే దుంప నుంచి దుంపకు వచ్చింది. వాడిపోయాక చేసే వైద్యం తక్కువ. ముందుగా మంచి మట్టి ఇవ్వడమే మన చేతిలో ఉన్న పని.